ఆదోని రాళ్ళను చదివిన దొర

ఎమ్మిగనూరు నుండి ఆదోనికి పోవు బాటసారికి మొదట కన్పట్టునది నల్లరేగడి. వానకాలమున ప్రత్తిచేలు, వేసవిలో నోళ్ళు తెరచిన నెఱ్ఱెలు. అంతలో ఆ సమతలమును చీల్చుకొని, గుండుమీద గుండు పేర్చినట్లు ఆదోని కొండలు లేచి నిలుచును. కొండమీది కోటను గూర్చి మనవారు చాల వ్రాసినారు. కోటను మోయుచున్న రాతిని గూర్చి తీరికగా, ఊరూరు తిరిగి వ్రాసినవాడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ అను ఆంగ్లేయుడు.

ఆయనను ఇప్పుడు తలచుటకు కారణమున్నది. కర్నూలు సీమలో ఎండ పుష్కలము. గని, శకునాల గ్రామముల చెంత వేయి మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రము 2017 నాటికే సిద్ధమైనది. పగటి విద్యుత్తుతో నీటిని విడగొట్టి ఉదజనిని తీయవచ్చును. దానిని దాచుటయే కష్టము. ఒక కిలో ఉదజని మామూలు పీడనమున దాదాపు పదునొకండు వేల లీటర్ల చోటు ఆక్రమించును. అందుచేత దానిని నొక్కి భూగర్భమున దాచు విద్య ఒకటి బయలుదేరినది. ఆ విద్యనే జీవితవృత్తిగా స్వీకరింపగోరు యువకులు నేడు గలరు. వారు మొట్టమొదట అడుగవలసిన ప్రశ్నలు ఫుట్ అడిగినవే. కాలి క్రింద ఉన్నది ఏ రాయి? అది ఎంత లోతువరకు చెడినది? ఎక్కడ బీటవారినది?

ఫుట్ 1834 సెప్టెంబరు 22న ఇంగ్లండులోని చెల్టెన్‌హాములో జన్మించినాడు. ఇరువదినాలుగవ యేట, 1858లో, భారత భూగర్భ పరిశోధనశాఖలో చేరి మద్రాసునకు వచ్చినాడు. తామస్ ఓల్డుహామ్ ఆ శాఖకు అధిపతి. చలికాలమున గుడారములు వేసికొని ఊరూరు తిరుగుట, వానలు పట్టగానే మరలి వచ్చి నివేదికలు వ్రాయుట అప్పటి ఉద్యోగధర్మము. ఒక సుత్తి, ఒక దిక్సూచి, ఒక పటము వారి పరికరములు. భూమిలోనికి చూచుటకు సాధనము లేదు. పైకి తేలిన పొర ఏ వాలున దిగుచున్నదో కొలిచి, అడుగున ఏమున్నదో ఊహింపవలెను. ఆయన పెండ్లాడినది పీటర్ పెర్సివల్ కుమార్తెను. ఆ పెర్సివల్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు కూర్చిన పండితుడు.

1863 మే 30న మద్రాసు చెంత పల్లావరమున ఎఱ్ఱని కంకరలో ఫుట్ చేతికి ఒక చెక్కిన రాయి తగిలినది. ఆదిమానవుని గొడ్డలి అది. ఆ సంవత్సరము సెప్టెంబరులో సహోద్యోగి విలియం కింగుతో కూడి అత్తిరంపాక్కమున మరికొన్ని కనుగొన్నాడు. భారతదేశమున మానవుని ప్రాచీనత ఇంతటిదని లోకమునకు తెలిసినది ఈ అన్వేషణల వలన. కాని గొడ్డళ్ళు ఏరుట ఉద్యోగములో భాగము కాదు. పటము గీయుట భాగము. చిత్రమేమనగా ఆయనకు చిరకీర్తి తెచ్చినది ఉద్యోగమునకు బయటి పని. పటములు గీసిన ఫుట్‌ను నేడు భూగర్భ శాస్త్రజ్ఞులు తప్ప తలచువారు అరుదు. ఇది న్యాయముగా నాకు తోచదు.

ఆ పటముల పనిలో పెద్దది ధార్వాడ శిలల విభజనము. దక్షిణాపథమునంతటిని ఒకే ముతక రాయిగా భావించు రోజులలో, బంగారము, ఇనుము గల నల్లని పొరల పట్టీలు వేరు, వాటి చుట్టునున్న గ్రానైటు వంటి పాత రాయి వేరు అని చూపి, 1880 దశకమున ఆ పట్టీలకు ధార్వాడ అని పేరిడినాడు. ఆ పేరు నేటికిని నిలిచియున్నది.

బళ్ళారి జిల్లా పరిశోధన అటుపిమ్మటి మాట. ఆదోని తాలూకా ఆనాడు బళ్ళారి జిల్లాలోనిది, ఎమ్మిగనూరు అందులోని ఊరు; 1953లో గాని ఆ తాలూకా ఆంధ్రమునకు రాలేదు. అంతకు పూర్వము న్యూబోల్డు అను సైనికుడు ఈ ప్రాంతమును గూర్చి వ్రాసియుండినను, జిల్లానంతటిని వరుసగా నడచి వ్రాసిన గ్రంథము ఫుట్‌దే. అది 1895లో వెలువడినది. ఆదోని వైపు ఆయన నడచిన నేల బహు పురాతనమైన గ్రానైటు జాతి. దానిని కోసికొని నల్లరాతి గోడలు బారులుగా పోవుచుండును. పైన రేగడి, దాని క్రింద గరుసు, ఆ క్రింద గట్టి బండ. ఇచ్చటి బావి త్రవ్వువారికి ఇది ఎరుకయే. నీరుండునది గరుసులోను, బండ పగుళ్ళలోను; బండకు స్వతహాగా రంధ్రములు లేవు.

ఉదజనికి ఈ సంగతి ప్రాణము. ఇసుకరాయి వంటి సచ్ఛిద్రశిల దానిని తనలో పట్టుకొనును. ఉప్పుబండలో గుహ కరగించి దాచుటయు కలదు. ఇంగ్లండులోని టీసైడులో 1972 నుండి అట్లు దాచుచున్నారు. ఆదోని క్రింద ఉప్పుబండ లేదు, ఇసుకరాయి లేదు. ఇక మిగిలినది బండను తొలిచి గది చేయుట. విశాఖపట్టణమున 2007 నుండి వంటవాయువును బండగుహలోనే నిలువచేయుచున్నారు. చుట్టునున్న భూగర్భజలపు ఒత్తిడియే అచ్చట గోడ. కాని వానలు తప్పు ఈ సీమలో ఆ జలమును నమ్ముకొనుటెట్లు? పైగా ఉదజని అణువు అన్నిటికంటె చిన్నది, సన్నని పగులు దానికి రాజమార్గము. అందుచే స్వీడనులోని లూలియో చెంత 2022లో నూరు ఘనమీటర్ల గుహకు ఉక్కుతొడుగు వేసి పరీక్షకు దిగినారు. ఆ ఉక్కును సైతము ఉదజని పెళుసు చేయగలదు. ఇంత పనికి మూలము ఏ పగులు ఎటు పోవుచున్నదో తెలియుట. అది కాలినడకన మొదలైనదే.

సహజమైన గుహలను గూడ ఫుట్ ఎరుగును. బేతంచెర్ల చెంత బిళ్ళసర్గము గుహలను, హక్స్లీ పండితుని సూచనపై, 1880 దశకమున త్రవ్వించినాడు. త్రవ్వకమును చాలవరకు నడపినవాడు ఆయన కుమారుడు హెన్రీ. మృగముల ఎముకలు పుష్కలముగా దొరకినవి, అందు కొన్ని మనిషి చెక్కినవని ఫుట్ తలచినాడు. ఆ సున్నపురాతి గుహలు నీరు కరగించినవి, సందులమయము. మృగములకు ఆశ్రయమిచ్చినవేగాని వాయువునకు చెర కాజాలవు.

ఆయన ఊహలన్నియు నిలువలేదు. పాతరాతియుగమునకు, కొత్తరాతియుగమునకు నడుమ ఈ దేశమున మనుష్యులే లేని దీర్ఘకాలము గడచినదని నమ్మినాడు. తరువాతి వారు ఆ ఖాళీని చిన్న చెకుముకి పనిముట్లతో నింపినారు. బళ్ళారి సీమలోని బూడిదదిబ్బల విషయమున మాత్రము ఆయనదే పైచేయి. అవి శవదహనముల గుర్తులని కొందరనగా, పశువుల దొడ్లలో పేరుకొన్న పేడ కాలిన బూడిద యని ఫుట్ నిర్ణయించినాడు. 1957లో ఆల్చిన్ అప్పటి మహబూబునగరు జిల్లాలోని ఉట్నూరు దిబ్బను త్రవ్వి, 1963 నాటి గ్రంథమున ఆ అభిప్రాయమునే బలపరచినాడు.

1891లో ఫుట్ కొలువు విరమించినాడు. పిమ్మట బరోడా సంస్థానమునకు, 1894 నుండి మైసూరు సంస్థానమునకు భూగర్భ శాస్త్రజ్ఞుడుగా పనిచేసి, ఏర్కాడులో స్థిరపడినాడు. నలుబది యేండ్ల పాటు ఏరిన రాతిపనిముట్లు, కుండపెంకులు 1904లో మద్రాసు ప్రభుత్వమువారు కొని ఎగ్మూరు ప్రదర్శనశాలలో ఉంచినారు. ఏ వస్తువు ఏ ఊరిలో దొరకినదో చెప్పు పట్టిక వ్రాయుటకు ఆయన వార్ధకమంతయు చాలినది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో మరణించినాడు. పట్టిక మొదటి సంపుటము 1914లోను, రెండవది 1916లోను అచ్చుపడినవి.