గుంటూరు డాక్టరమ్మ అన్నా కుగ్లరు

సువార్తికుడైన లూకా వైద్యుడని మనమెరుగుదుము. అతడు వైద్యము మానుకొని సువార్త పని చేసెనో, రెండును కలిపి చేసెనో లేఖనములు చెప్పవు. అన్నా సారా కుగ్లరు జీవితములో మాత్రము ఈ ప్రశ్న చాల కష్టమైనదిగా వచ్చెను.

ఆమె 1856లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున జన్మించి, ఫిలడెల్ఫియా స్త్రీల వైద్య కళాశాలలో 1879లో పట్టము పొందెను. మన ఆనందీబాయి జోషి తరువాత చదివినదియు అచ్చటనే. గుంటూరులోని ఘోషా స్త్రీలకు వైద్యురాలు కావలెనని అచ్చటి మిషనరీ ఒకరు వ్రాసిన జాబు చూచి ఆమె సిద్ధపడెను. అయితే లూథరను సంఘపు పెద్దలు వైద్య మిషనరీని పంపుటకు సమయము రాలేదని తలచి, ఆమెను ఉపాధ్యాయినిగా పంపిరి.

1883 నవంబరులో గుంటూరు చేరిన ఆమెకు అప్పగింపబడినవి బాలికల పాఠశాలలు, జెనానా పని. వైద్యురాలికి బడుల తనిఖీ! ఆమె అలిగి కూర్చుండలేదు. బడిపనిని శ్రద్ధతోనే చేసెను గాని మందుల పెట్టెను మూసి యుంచలేదు. మొదటి సంవత్సరమే 185 మందిని వారి యిండ్లలోను, 276 మందిని తన నివాసమునొద్దను చూచెను. కొన్ని యిండ్లలో ఆమె అంటరానిది. అయినను నొప్పులు పడుచున్న కోడలి కొరకు ఆ తలుపులే తెరువబడెను.

1885 డిసెంబరులో ఆమెను వైద్య మిషనరీగా నియమించిరి. ఈ ఆలస్యమంతయు దేవుని ఏర్పాటేయని కొందరందురు. ఆ రెండేండ్లలో ఆసుపత్రి లేక పోయిన తల్లులను తలచినప్పుడు, ఆ మాట నా నోట రాదు.

కుగ్లరమ్మ 18 ఎకరముల స్థలము సంపాదించెను. 1893లో డిస్పెన్సరీయు, 1897లో 50 పడకల ఆసుపత్రియు తెరువబడెను. తెలుగు పిల్లలకు నర్సుపని నేర్పుటయు అచ్చట సాగెను. ఆ విధముగా ఉపాధ్యాయినియు మిగిలియే యుండెను. ఏలూరు జమీందారు భుజంగరావుగారి భార్య అచ్చట సుఖముగా ప్రసవించగా, ఆయన కృతజ్ఞతతో రోగుల బంధువులు దిగుటకు ఆసుపత్రి యెదుట సత్రము కట్టించెను. వంటచెరకుతో, చంటిబిడ్డలతో బండ్లు కట్టుకొని దూరగ్రామముల నుండి వచ్చినవారికి ఆ నీడ ఎంతటిదో పల్లెవారికి చెప్పనక్కరలేదు.

ప్రభుత్వము 1905లో కైసరె హిందు పతకమిచ్చెను. ఆమె 1930 జూలై 26న తాను కట్టించిన ఆసుపత్రిలోనే రోగిగా కన్నుమూసెను. దానికి తరువాత కుగ్లరు ఆసుపత్రియని పేరు పెట్టిరి.