జాన్ జాకబ్ ఏబెల్

జాన్ జాకబ్ ఏబెల్ (మే 19, 1857 - మే 26, 1938) ప్రముఖ అమెరికన్ ఔషధ శాస్త్రజ్ఞుడు, జీవరసాయన శాస్త్రవేత్త. అమెరికాలో ఔషధశాస్త్రానికి పితామహుడిగా ఈయనను పేర్కొంటారు. అడ్రినల్ గ్రంథి స్రావంపై చేసిన పరిశోధన, ఇన్సులిన్‌ను స్ఫటిక రూపంలో సాధించడం ఈయనకు పేరు తెచ్చాయి. నాడీమండలానికి సోకే స్వయంప్రతిరక్షక వ్యాధులలో నేడు చేస్తున్న ప్లాస్మా మార్పిడి చికిత్సకు మూలమైన ప్రయోగం కూడా ఈయనదే. అయితే 1914లో కుక్కలపై జరిగిన ఆ ప్రయోగం ఈ రోగుల మంచం వద్దకు చేరడానికి అరవై సంవత్సరాలు పట్టింది.

బాల్యము, విద్య

ఏబెల్ ఒహాయో రాష్ట్రంలో క్లీవ్‌లాండ్ సమీపాన ఒక జర్మన్ సంతతి రైతు కుటుంబంలో జన్మించాడు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో చదువుతూ మధ్యలో విరమించి, ఇండియానాలోని లాపోర్ట్‌లో ఉపాధ్యాయుడిగా పనిచేశాడు. అక్కడ పరిచయమైన మేరీ హిన్మన్‌ను 1883లో వివాహమాడాడు. పోషకాహారం, గృహశాస్త్రం విషయాలలో ఆమె కూడా పేరుపొందిన రచయిత్రి. 1884 నుండి సుమారు ఏడేళ్ళు ఐరోపాలో గడిపి, లైప్‌జిగ్‌లో కార్ల్ లుడ్విగ్ వద్ద, స్ట్రాస్‌బర్గ్‌లో ష్మీడ్‌బర్గ్ వద్ద విద్యనభ్యసించి, 1888లో వైద్యపట్టా పొందాడు. 1891లో మిషిగన్‌లో ఆచార్యుడై, 1893లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌కు మారి, 1932లో విరమణ పొందేవరకు అక్కడే ఉన్నాడు. ప్రయోగశాలలో జరిగిన ఒక పేలుడులో ఒక కంటి చూపు పోయినా పరిశోధన మానలేదు.

1905లో క్రిస్టియన్ హెర్టర్‌తో కలిసి "జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ" పత్రికను స్థాపించాడు. మన యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్క్‌తో కలిసి రూపొందించిన ఫాస్ఫరస్ అంచనా పద్ధతి 1925లో వెలువడినది ఈ పత్రికలోనే.

అడ్రినలిన్ వివాదం

1897లో అడ్రినల్ గ్రంథుల నుండి రక్తపోటును పెంచే పదార్థాన్ని వేరుచేసి, తరువాత దానికి ఎపినెఫ్రిన్ అని పేరుపెట్టాడు. అయితే ఈయనకు దొరికినది శుద్ధ పదార్థం కాదు, దాని బెంజాయిల్ ఉత్పన్నం. ఈయన ప్రయోగశాలను చూసి వెళ్ళిన జపాన్ శాస్త్రజ్ఞుడు జోకిచి తకమినె, శుద్ధ స్ఫటికాలను ముందుగా సాధించి అడ్రినలిన్ పేరిట పేటెంటు తీసుకున్నాడు. అమెరికాలో మాత్రం నేటికీ ఏబెల్ పెట్టిన పేరే అధికారికంగా ఉంది.

రక్తశుద్ధి ప్రయోగాలు

1913లో రౌన్‌ట్రీ, టర్నర్ అనే సహచరులతో కలిసి ఏబెల్ కృత్రిమ మూత్రపిండం వంటి పరికరాన్ని తయారుచేశాడు. కుక్క ధమని నుండి రక్తాన్ని సన్నని కొలోడియన్ గొట్టాలలో ప్రవహింపజేసి సిరలోకి తిరిగి పంపేవారు. గొట్టాల చుట్టూ ఉన్న ఉప్పు ద్రావణంలోకి రక్తంలోని చిన్న అణువులు వడకట్టబడేవి. రక్తం గడ్డకట్టకుండా జలగల నుండి తీసిన హిరుడిన్ వాడవలసి వచ్చేది. మొదటి ప్రపంచ యుద్ధం వలన ఐరోపా నుండి జలగల సరఫరా నిలిచిపోయింది. గడ్డకట్టడాన్ని ఆపే హెపారిన్ 1916లో అదే జాన్స్ హాప్కిన్స్‌లో కనుగొనబడినా, వాడదగినంత శుద్ధంగా లభించడానికి చాలా కాలం పట్టింది.

1914లో ఈ ముగ్గురూ మరొక మార్గం పట్టారు. కుక్క నుండి తీసిన రక్తాన్ని యంత్రంలో వేగంగా తిప్పి కణాలను వేరుచేసి, ప్లాస్మాను పారవేసి, కణాలను మాత్రం ఉప్పు ద్రావణంలో కలిపి తిరిగి ఎక్కించారు. రక్తకణాలు తిరిగి చేరుతున్నందున, కేవలం రక్తం తీసివేస్తే తట్టుకోలేని పరిమాణంలో ప్లాస్మా తీసివేసినా జంతువు తట్టుకోగలిగింది. దీనికి ప్లాస్మాఫెరిసిస్ అని పేరుపెట్టారు. తీసివేయడం అనే అర్థం గల గ్రీకు మాట ఇందులో ఉంది.

శరీరం తన నరాలపైనే ప్రతిరక్షకాలను తయారుచేసుకుంటుందని అప్పటికి తెలియదు. ఆ ప్రతిరక్షకాలు ప్లాస్మాలోనే ఉంటాయి గనుక, ఈ పద్ధతి విలువ తరువాతి తరానికి గాని బోధపడలేదు. కనురెప్పలు వాలిపోయి, మింగడం, ఊపిరి పీల్చడం కష్టమయ్యే మయస్థీనియా గ్రేవిస్ వ్యాధిలో నరం, కండరం కలిసే చోట ఉండే అసిటైల్‌కోలిన్ గ్రాహకాలపై ప్రతిరక్షకాలు దాడి చేస్తాయి. 1976లో లండన్‌లో పించింగ్, పీటర్స్, న్యూసమ్-డేవిస్ ముగ్గురు రోగులకు ప్లాస్మా మార్పిడి చేసి, బలహీనత తగ్గినట్లు ప్రకటించారు. గిలియన్ బారే సిండ్రోమ్‌పై 245 మందితో జరిగిన ఉత్తర అమెరికా పరీక్ష 1985లో వెలువడింది. ఈ చికిత్స పొందినవారు త్వరగా నడవగలిగారు. శరీరం ప్రతిరక్షకాలను మళ్ళీ తయారుచేస్తుంది గనుక, మయస్థీనియాలో దీని గుణం కొన్ని వారాలే నిలుస్తుంది. అందువలన ఇది ప్రాణాపాయ సమయాన్ని గట్టెక్కించే ఉపాయమే గాని వ్యాధిని నిర్మూలించేది కాదు.

ఇన్సులిన్

1926లో, దాదాపు డెబ్బై ఏళ్ళ వయసులో ఏబెల్ ఇన్సులిన్ స్ఫటికాలను ప్రకటించాడు. మాంసకృత్తు హార్మోనుగా పనిచేయగలదని అనేకులు అంగీకరించలేదు. స్ఫటికాలకు అసలు ఇన్సులిన్ మలినంగా అంటుకొని ఉన్నదని వాదించారు. స్ఫటికాలు ఏర్పడడానికి జింకు వంటి లోహం కావాలని 1934లో స్కాట్ చూపిన తరువాత వాటిని తయారుచేయడం సులభమైంది.

చివరి రోజులు

విరమణ అనంతరం ధనుర్వాతపు విషంపై పరిశోధించాడు. ఆ విషం నరాల వెంట కాక రక్తం ద్వారానే వ్యాపిస్తుందని గట్టిగా వాదించాడు. అది నరాల వెంటే వెన్నుపాముకు చేరుతుందని తరువాతి పరిశోధనలు నిరూపించాయి. ఏబెల్ 1938లో బాల్టిమోర్‌లో మరణించాడు.