న్యాయాధిపతి వేటీస్ వేరింగు

పరుల దోషమును విచారించుట న్యాయాధిపతులకు నిత్యకృత్యము. తన పంక్తిని భుజించువారు తరతరములుగా చేయుచువచ్చిన దానిని అన్యాయమని తీర్పు చెప్పుట మాత్రము మిక్కిలి యరుదు. అట్టి తీర్పులు చెప్పి, అందులకై స్వస్థలమునే వీడవలసివచ్చిన అమెరికా న్యాయాధిపతి జూలియస్ వేటీస్ వేరింగు చరిత్రమును మా పాఠకుల కెఱిగింపగోరెదము.

వేరింగు 1880వ సంవత్సరమున దక్షిణ కరోలినా రాష్ట్రమందలి చార్లెస్టన్ రేవుపట్టణమున జన్మించెను. ఆయన వంశము ఎనిమిది తరములుగా ఆ యూరిది. పూర్వులు బానిసలను గలిగియుండినవారు. వేరింగు న్యాయవాదియై, పట్టణ ప్రభుత్వమునకు వకీలుగా పనిచేసెను. తెల్లవారి యాధిపత్యమును బోధించు సెనేటరు ఎన్నికకై పాటుపడెను. అరువదియేండ్లు దాటువరకు ఆయన జీవితమున ఎదురీత కానరాదు. 1942లో అధ్యక్షుడు రూజువెల్టు ఆయనను ఫెడరలు జిల్లాకోర్టు న్యాయాధిపతిగా నియమించెను.

అమెరికాలో రాష్ట్రముల కోర్టులు వేఱు, ఫెడరలు కోర్టులు వేఱు. ఫెడరలు న్యాయాధిపతి పదవి యావజ్జీవము. స్థానికుల దయపై అది ఆధారపడదు. ఈ స్వాతంత్ర్యమును వేరింగు వినియోగించుకొనెను. నల్లజాతి ఉపాధ్యాయులకు సమానవేతనము లిమ్మనెను. తన కోర్టుహాలులో జాతినిబట్టి వేఱుగా కూర్చుండబెట్టు పద్ధతిని మాన్పించెను.

1946 ఫిబ్రవరిలో ఐజాక్ ఉడర్డు అను నల్లజాతి సైనికుడు యుద్ధసేవ ముగించుకొని, సైనికదుస్తులతోనే బస్సులో ఇంటికి పోవుచుండెను. బేట్స్‌బర్గు పోలీసు అధికారి అతనిని కొట్టి రెండు కన్నులును పోగొట్టెను. ఆ కేసు వేరింగు ఎదుటనే విచారణకు వచ్చెను. అందఱును తెల్లవారేయైన జ్యూరీ అర్ధగంటలోపున ఆ యధికారిని నిర్దోషియని విడిచిపెట్టెను. తన సమాజ మెట్టిదో వేరింగునకు ఆనాడు తేటతెల్లమయ్యెను.

ఆ రాష్ట్రమున డెమొక్రాటిక్ పార్టీ అభ్యర్థి గెలుపు తథ్యము గనుక, ఆ పార్టీ అభ్యర్థిని ఎన్నుకొను ప్రాథమిక ఎన్నికయే అసలైన ఎన్నిక. పార్టీ తమ సొంతసంఘమనియు, ఎవరిని చేర్చుకొనుటయో తమ యిష్టమనియు వాదించి నాయకులు నల్లజాతివారిని దూరముంచిరి. 1947లో వేరింగు ఈ వాదమును త్రోసిపుచ్చెను. మఱుసటియేడు 30,000కు పైగా నల్లజాతివారు ఆ యెన్నికలో వోటుచేసిరి.

అంతట ఊరి పెద్దలు ఆయన గడప త్రొక్కుట మానిరి. మొదటి భార్యను విడిచి ఉత్తరాది స్త్రీని వివాహమాడెనను కోపము అంతకుముందే కలదు. తీర్పులు దానికి ఆజ్యము పోసెను. 1950లో ఆయన యింటిపై రాళ్లు పడెను.

అయినను ఆయన వెనుదీయలేదు. క్లారెండన్ కౌంటీలో తెల్లపిల్లలను బడికి చేర్చుటకు 30 బస్సులుండగా నల్లపిల్లలకు ఒక్కటియు లేదు. తల్లిదండ్రులు దావా వేసిరి. దావాకు సంతకము చేసినందుకు హ్యారీ బ్రిగ్సు అను తండ్రి తన కొలువును గోల్పోయెను. సమానసౌకర్యములతో తృప్తిపడక వేఱుపెట్టుటనే ప్రశ్నింపుడని వారి న్యాయవాది థర్‌గుడ్ మార్షలునకు సూచించినవాడు వేరింగే. 1951లో చార్లెస్టన్ కోర్టున ముగ్గురు న్యాయాధిపతులు విచారించిరి. ఇద్దఱు పాతపద్ధతినే నిలిపిరి. వేఱుపెట్టుటయే అసమానతయని వేరింగు ఒంటరిగా భిన్నాభిప్రాయము వ్రాసెను.

1952లో ఆయన పదవి విరమించి న్యూయార్కునకు వెడలిపోయెను. 1954 మే 17న సుప్రీముకోర్టు న్యాయాధిపతులు తొమ్మండుగురును ఏకగ్రీవముగా పాఠశాలలలో జాతివేర్పాటు చెల్లదనిరి. ఓడిన అభిప్రాయము మూడేండ్లలో దేశశాసనమయ్యెను.

1968లో ఆయన దేహమును చార్లెస్టన్‌నందు సమాధిచేసినపుడు రమారమి 200 మంది నల్లజాతివారు వెంట నడచిరి. తెల్లవారు వ్రేళ్లపై లెక్కింపదగినంతమందియే. 2015లో ఆ పట్టణపు ఫెడరలు న్యాయస్థాన భవనమునకు ఆయన పేరు పెట్టిరి. అంతవరకు దానికి తన పేరుండిన మాజీ సెనేటరు హాలింగ్సే ఈ మార్పును కోరెను.

భవనమునకు పేరు పెట్టుట సుకరము. చట్టము తనవారికి నొప్పి కలిగించునపుడును దానిని యథాతథముగ అమలుచేయు న్యాయాధిపతిని బ్రతికియుండగనే గౌరవించుట దుష్కరము. ఏ దేశమునందైనను ప్రజల న్యాయబుద్ధికి ఇదియే గీటురాయియని మా యభిప్రాయము.