కుష్ఠుక్రిమిని కనుగొన్న హాన్సెన్

మన పల్లెలలోని పెద్దలు కుష్ఠువ్యాధిని పేరుపెట్టి పలుకుటకు జంకి, దానిని పెద్దరోగమనెడివారు. అది పాపఫలమని కొందఱును, వంశదోషమని కొందఱును నమ్మిరి. ఇట్టి నమ్మకములు మన దేశమునకే పరిమితములు కావు. ఐరోపా ఖండపు ఉత్తరపు కొసనున్న నార్వే దేశమునను ఆ వ్యాధి ఒకప్పుడు ప్రబలియుండెను. 1856లో ఆ ప్రభుత్వము రోగుల పట్టికను వ్రాయింప నారంభించగా, 2,800 మందికి పైగా లెక్కకు వచ్చిరి. వారిలో పెక్కుమంది పశ్చిమతీరపు బెస్తలు, పేద రైతులు.

ఆ తీరముననే బెర్గెన్ నగరమున 1841 జూలై 29వ తేదీన గెర్హార్డ్ ఆర్మవర్ హాన్సెన్ జన్మించెను. ఆ యింట బిడ్డలు పదునైదుగురు. ఆయన 1866లో వైద్యపట్టమును పొంది, లోఫోటెన్ దీవులలో చేపలు పట్టువారికి కొంతకాలము వైద్యము చేసి, 1868లో బెర్గెన్‌లోని కుష్ఠువైద్యశాలలో చేరెను.

అచటి పెద్ద వైద్యుడు డేనియల్సెన్. ఆయన 1847లోనే బోయెక్ అను మరియొక వైద్యునితో కలసి ఈ వ్యాధిలక్షణములను గూర్చి గొప్ప గ్రంథమును వెలువరించెను. వ్యాధి రెండు రూపములుగా కనబడునని వారు తెలిపిరి. ఒక రూపమున ముఖముపైనను చెవులపైనను బుడిపెలు లేచి, కనుబొమల వెండ్రుకలు రాలిపోవును. రెండవ రూపమున చర్మముపై మచ్చలేర్పడి, ఆ చోట స్పర్శజ్ఞానము నశించును. నిప్పు తగిలినను రోగికి తెలియదు. చర్మముపై లేచిన ప్రతి బుడిపెయు కుష్ఠువు కాదు. పులిపిరియు కావచ్చును, క్రొవ్వుగడ్డయు కావచ్చును. కావున నేటికిని వైద్యులు మచ్చపై స్పర్శ కలదా, నరము లావెక్కినదా యని మొదట పరీక్షింతురు.

డేనియల్సెన్ దీనిని వంశపారంపర్యముగా వచ్చు వ్యాధిగా తలచెను. హాన్సెన్‌కు ఆ మాట నచ్చలేదు. ఆయన వేసవులలో గ్రామములు తిరిగి, ఏ యింట ఎవరికి ఎప్పుడు వ్యాధి కలిగెనో విచారించెను. రోగులు ఎక్కువగా వైద్యశాలలలో చేరిన ప్రాంతములలో క్రొత్త రోగులు త్వరగా తగ్గుచుండుట గమనించెను. వంశదోషమే కారణమైనచో ఇట్లేల జరుగును?

1873 జనవరిలో ఆయన డేనియల్సెన్ కుమార్తెను పెండ్లాడెను. ఆ ఫిబ్రవరిలోనే రోగి బుడిపెనుండి తీసిన పదార్థమును సూక్ష్మదర్శినితో పరిశీలింపగా, సన్నని పుల్లలవంటి క్రిములు కానవచ్చెను. మామగారి సిద్ధాంతమునకు అల్లుడే ఎదురు నిలువవలసివచ్చెను! ఐనను డేనియల్సెన్ ఆ పరిశోధనకు అడ్డు రాలేదు. ఆ అక్టోబరులోనే హాన్సెన్ భార్య క్షయవ్యాధితో మరణించెను. మఱుసటి యేడు ఆయన తన పరిశీలనలను ప్రకటించెను.

చూచుట వేఱు, ఋజువు చేయుట వేఱు. 1879లో నైసర్ అను జర్మను యువవైద్యుడు బెర్గెన్‌కు రాగా, హాన్సెన్ ఆయనకు నమూనాల నొసగెను. నైసర్ వానికి రంగు పట్టించి క్రిములను స్పష్టముగా చూపి, ఆ కీర్తి తనదేయని ప్రకటించెను. హాన్సెన్ తన మాటను నిలుపుకొనుటకు మరల వ్రాయవలసివచ్చెను. తుదకు లోకము ఆయన పక్షమే వహించెను.

ఋజువుకై తహతహలాడిన ఆయన ఒక తగని పని చేసెను. ఈ క్రిమి గాజుపాత్రలలో పెరుగదు. నేటికిని దానిని అట్లు పెంపగలిగినవారు లేరు. కావున 1879లో ఆయన ఒక రోగి బుడిపెలోని పదార్థమును, రెండవ రూపపు వ్యాధి గల ఒక స్త్రీ కంటిలో, ఆమె యనుమతి లేకయే ప్రవేశపెట్టెను. ఆమెకు నొప్పి కలిగినదేకాని ఆయన యెదురుచూచిన ఫలితము కానరాలేదు. ఆమె దీనురాలైనను న్యాయస్థానము ఆమె మొఱ నాలకించెను. 1880లో హాన్సెన్ వైద్యశాలలోని ఉద్యోగమును కోల్పోయెను. ఆ తీర్పు న్యాయమైనదే. దేశమునకంతటికి కుష్ఠువ్యాధి విచారణాధికారి పదవి మాత్రము ఆయనకు మిగిలెను.

ఆయన ప్రోద్బలముననే 1877లోను 1885లోను రోగులను వేఱుగా నుంచు చట్టములు పుట్టెను. ఇంట ప్రత్యేకమైన గది లేనివారు వైద్యశాలకు పోవలసినదే. పేదలకు ఇది కఠినమైన నియమము. ఐనను శతాబ్దాంతమునకు రోగుల సంఖ్య ఆఱువందలకు లోబడెను. 1912 ఫిబ్రవరి 12వ తేదీన, విధినిర్వహణకై పర్యటించుచు, ఫ్లోరో పట్టణమున హాన్సెన్ హృద్రోగముతో మరణించెను.

ఆయన జీవితకాలమున దీనికి మందు లేదు. 1940 తరువాత డాప్సోన్ వాడుకలోనికి వచ్చెను. 1981 నుండి పలు మందులను కలిపి యిచ్చు పద్ధతి యేర్పడెను. ఆఱు నెలలనుండి పండ్రెండు నెలలవరకు ఆ మాత్రలను మ్రింగినచో వ్యాధి కుదురును. వానిని మన ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితముగా నొసగుదురు. మందు వాడుచున్న రోగి యింటిలోనే యుండవచ్చును. వేఱు గది అక్కఱలేదు.