జేమ్స్ వాట్

జేమ్స్ వాట్ (1736 జనవరి 19 – 1819 ఆగష్టు 25) స్కాట్లండ్‌కు చెందిన ఇంజనీరు, ఆవిష్కర్త. ఆవిరి యంత్రాన్ని ఈయనే కనిపెట్టాడని పలువురు భావిస్తారు. నిజానికి అప్పటికే వాడుకలో ఉన్న థామస్ న్యూకోమెన్ యంత్రాన్ని ఈయన ఎంతగానో మెరుగుపరచాడు. వేగాన్ని బట్టి ఆవిరి కవాటం తనంతట తానే సర్దుకొనే ఏర్పాటును యంత్రానికి అమర్చాడు. నేటి కర్మాగారాలలోని నియంత్రణ కవాటాల వెనుక ఉన్న భావన కూడా ఇదే.

తొలి జీవితం

వాట్ గ్రీనాక్ అనే రేవు పట్టణంలో జన్మించాడు. 1755లో లండన్ వెళ్ళి సుమారు ఒక సంవత్సరం పాటు శాస్త్ర పరికరాల తయారీ నేర్చుకున్నాడు. ఏడేళ్ళ శిక్షణ పూర్తి కాలేదని గ్లాస్గోలోని వృత్తిసంఘం దుకాణానికి అభ్యంతరం చెప్పింది. అప్పుడు గ్లాస్గో విశ్వవిద్యాలయం 1757లో తన ఆవరణలోనే పనిశాల ఇచ్చి ఆదుకొంది.

ఆవిరి యంత్రం

1763–64 ప్రాంతంలో న్యూకోమెన్ యంత్రపు నమూనా ఒకటి వాట్ వద్దకు మరమ్మతుకు వచ్చింది. సిలిండరును ప్రతిసారీ వేడిచేసి చల్లార్చడం వలన ఆవిరిలో అధికభాగం వృథా అవుతున్నదని ఈయన గ్రహించాడు. ఆవిరిని వేరొక పాత్రలో చల్లార్చే పద్ధతిని 1765లో రూపొందించి, 1769లో పేటెంటు పొందాడు. 1773లో భాగస్వామి జాన్ రోబక్ దివాళా తీశాడు. అదే సంవత్సరం భార్య మార్గరెట్ మరణించింది. 1774లో బర్మింగ్‌హామ్ చేరి మాథ్యూ బౌల్టన్‌తో కలిసి పనిచేశాడు. 1775లో పార్లమెంటు పేటెంటు గడువును 1800 వరకు పొడిగించింది.

గవర్నరు, కవాటం

మొదట ఈ యంత్రాలు గనులలో నీటిని తోడేవి. అక్కడ వేగం కొంత మారినా నష్టం లేదు. 1780లలో చక్రాలను తిప్పే యంత్రాలు మిల్లులకు చేరాక సమస్య ఎదురైంది. పనిభారం తగ్గితే యంత్రం విపరీతంగా పరుగెత్తేది, పెరిగితే మందగించేది. పిండిమరలలో తిరగలి రాళ్ళ మధ్య ఎడాన్ని సరిచేసే గవర్నరును బౌల్టన్ 1788లో లండన్‌లోని ఆల్బియన్ మిల్లులో చూసి వాట్‌కు తెలిపాడు. వాట్ దానిని ఆవిరి గొట్టంలోని కవాటానికి జతచేశాడు.

ఇందులో నిలువు ఇరుసుకు ఇరుపక్కలా రెండు ఇనుప గుండ్లు వేలాడుతుంటాయి. వేగం పెరిగితే గుండ్లు ఎడంగా జరిగి పైకి లేస్తాయి. వాటికి కలిపిన కడ్డీలు కవాటాన్ని కొంత మూయగా ఆవిరి తగ్గి వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే గుండ్లు దిగి, కవాటం మరింత తెరుచుకుంటుంది. అయితే భారం మారినప్పుడు వేగం కచ్చితంగా పూర్వస్థితికి రాదు, కొద్ది తేడాతో నిలుస్తుంది. గవర్నరు మూలభావన అంతకుముందే మరలలో ఉన్నది కనుక వాట్ దానికి పేటెంటు తీసుకోలేదు. 1868లో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ గవర్నర్ల స్థిరత్వాన్ని గణితపరంగా విశ్లేషించాడు. ఆ పత్రం నియంత్రణ సిద్ధాంతానికి పునాదులలో ఒకటి.

నేటి నియంత్రణ వ్యవస్థలలో గుండ్ల పనిని కొలత పరికరాలు, కంట్రోలర్లు చేస్తున్నాయి. కడ్డీల స్థానంలో గాలి పీడనంతోనో విద్యుత్తుతోనో పనిచేసే సాధనాలు కవాటాన్ని కదుపుతాయి. ప్రవాహాన్ని చివరికి మార్చేది మాత్రం నేటికీ కవాటమే.

చివరి దశ

వాట్ 1800లో వ్యాపారం నుండి విరమించుకొని, బర్మింగ్‌హామ్ సమీపంలోని తన స్వగృహంలో మరణించాడు. శక్తిసామర్థ్యానికి ప్రమాణమైన వాట్‌కు ఈయన పేరే పెట్టారు. 1960లో అది అంతర్జాతీయ ప్రమాణాల పద్ధతిలో చేరింది.