బుర్రకథా పితామహులు శ్రీ షేక్ నాజరుగారు

పుస్తకము చదువగలవానికి గ్రంథాలయము కలదు. అక్షరము రానివానికి కథ చెప్పువాడే గ్రంథాలయము. అట్టి సంచార గ్రంథాలయమై సుమారు అర్ధశతాబ్దము తెలుగునాట ఊరూరను తిరిగిన ధన్యజీవి షేక్ నాజరుగారు. మన గ్రంథాలయ రజతోత్సవ సమయమున వారిని స్మరించుట మన విధి.

నాజరుగారు 1920వ సంవత్సరము ఫిబ్రవరి 5వ తేదీన గుంటూరు జిల్లా పొన్నెకల్లు గ్రామమున నిరుపేద దూదేకుల కుటుంబమున జన్మించిరి. ఇంట లేమి యుండెను గాని కంఠమున లేమి లేదు. బాల్యముననే నాటక సమాజమున చేరి, పౌరాణిక నాటకములలో స్త్రీ పాత్రలు ధరించి పేరు గడించిరి. మహమ్మదీయుల బిడ్డ దేవకిగా వేషము కట్టగా ప్రేక్షకులు కులమతములు మరచి వినిరి. పిదప నరసరావుపేటలో సంగీత మభ్యసించిరి.

బుర్రకథ యనునది పూర్వము జంగము కథ. ఇంటింటికిని తిరిగి కథ చెప్పి, గృహస్థు పెట్టిన బియ్యము జోలెలో పోసికొని పోవు బీదల వృత్తి యది. నడుమ కథకుడు తంబురా భుజమున నానించి, వ్రేళ్ల అందెలు మ్రోగించుచు, అడుగులు వేయుచు పాడును. ఇరుప్రక్కల వంతలు గుమ్మెటలు వాయించుచు తందాన పలుకుదురు. ఒకరు హాస్యము చెప్పగా, రెండవవారు నాటి లోకపు తీరు నెత్తి చూపుదురు. కథ ఏ యుగమునాటిదైనను, నేటి కరవును, నేటి అన్యాయమును అందు ప్రవేశపెట్టుటకు ఈ ఏర్పాటు మిక్కిలి యనుకూలము. ఈ రహస్యమును నాజరుగారు చక్కగా గ్రహించిరి.

1943వ సంవత్సరమున వంగదేశమున ఘోరమైన కరవు వచ్చి లక్షలాది జనులు అన్నము లేక మరణించిరి. ఆ యేడే ప్రజానాట్యమండలి వెలసెను. నాజరుగారు అందు చేరి, ఆ కరవునే కథగా గట్టి చెప్పిరి. వంగదేశ మెచ్చటనున్నదో యెరుగని పల్లె స్త్రీలు సయితము విని కంట నీరు పెట్టిరి. జోలె పట్టిన కళ జనుల పక్షమున నిలచి ప్రశ్నించు కళ యయ్యెను. కనుకనే అటు మద్రాసు ప్రభుత్వమును, ఇటు నైజాము ప్రభుత్వమును ఇట్టి కథలను నిషేధించినవి. ఒక తంబురాకును, రెండు గుమ్మెటలకును ప్రభుత్వములు వెరచిన వనిన, ఆ కళయందలి బలమెంతటిదో యోచింపుడు.

పల్నాటి యుద్ధము, బొబ్బిలి యుద్ధము, అల్లూరి సీతారామరాజు మొదలైనవి వారు చెప్పిన ప్రసిద్ధ కథలు. 1954లో వెలువడిన అగ్గిరాముడు చలనచిత్రమున అల్లూరి కథను చెప్పుటచే, వారిని కన్నులార చూడని ఊళ్లకును వారి గొంతు చేరెను. ఎందరికో విద్య నేర్పి శిష్యులను తయారు చేసిరి. పెద్దలు వారిని బుర్రకథా పితామహులని గౌరవించిరి. 1986లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుద మొసగెను.

ఇంతటి గౌరవము పొందియు తన పుట్టుకను దాచుకొనలేదు. వారి ఆత్మకథకు పేరు పింజారి. ఇతరులు చులకనగా పలుకు మాటనే తన గ్రంథమునకు తలమానికము చేసిన ధైర్యశాలి. 1997వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీన కీర్తిశేషులైరి.

కథలోని మాటలను పుస్తకము దాచగలదు. గుమ్మెటపై పడు చేతి వాటమును, వంత పలుకు అదనును ఏ పుస్తకమును దాచజాలదు. అవి గురువు చేతినుండి శిష్యుని చేతికి రావలసినదే. ఒకతరము నేర్వకున్న మరుతరమునకు లేవు. కావున మన గ్రామ యువకులలో ముగ్గురైనను ఈ విద్య నభ్యసించి, మన గ్రంథాలయ ప్రాంగణమున ఏటేట ఒక్క కథయైనను చెప్పుదురు గాక యని నా విన్నపము. నాజరుగారికి మనము చేయదగిన నివాళి అదియే.