జేమ్స్ కజిన్స్ గారు

ఐర్లండు దేశమందలి బెల్ఫాస్టున 1873లో జనించిన కజిన్స్ గారు 1915లో సతీసమేతముగా భారతదేశము చేరి, మద్రాసున అనీబిసెంటు గారి ‘న్యూ ఇండియా’ పత్రికలో పనిచేసిరి. 1916లో డబ్లిన్ తిరుగుబాటును శ్లాఘించుచు వ్రాసినందున ఆ కొలువు పోయినది. అటుపిమ్మటనే మన మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు ఆచార్యులై వచ్చిరి. పత్రికకు నష్టము, మనకు లాభము! 1919 ఫిబ్రవరిలో రవీంద్రకవి కజిన్స్ దంపతుల అతిథియై, ఇచటనే ‘జనగణమన’ గీతమును ఆంగ్లమునకు అనువదించిరి. మార్గరెట్ గారు ఆ పాటకు స్వరములు వ్రాసిరి. ఆ యేడే కజిన్స్ గారు జపానునకేగి, టోకియోలోని కీయో విశ్వవిద్యాలయమున ఆంగ్లకవిత్వము బోధించిరి. రాయబారి పదవి వారికెన్నడును లేదు. అయినను భారతీయ చిత్రకళను పరదేశీయులకు చూపి, పదవి లేని రాయబారమును నడపిరి. 1935లో తిరువనంతపురమున శ్రీచిత్రాలయము వెలయుటకు తోడ్పడిరి. 1956 ఫిబ్రవరిలో మదనపల్లెలోనే కన్నుమూసిరి.